అభిలంబం కాడ

బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఆవిడ సంతోషపడేవారు. మొగల్తూరు నుంచి నరసాపురం వెళ్ళే బస్సంటే మలుపులకేం కొదవ? కాలువ ఎటు తిరిగితే రోడ్డూ అటే తిరుగుతుంది. డ్రైవరు స్టీరింగు తిప్పగానే నిలబడ్డ వాళ్ళందరూ ఒక పక్కకి ఒరిగేవాళ్ళు. పాలక్యాన్లు గణగణమనేవి, ఎవరిదో చేపల గంప ఇంకెవరి కాళ్ళ మీదో పడేది, కండక్టరు మీద నలుగురు వాలేవాళ్ళు. అందరూ డ్రైవర్ని తిట్టుకుంటుంటే మా లెక్కల మేడంగారు మాత్రం ఒళ్ళో గొడుగు పెట్టుకుని, వెనక్కి తిరిగి, వెలిగిపోతున్న మొహంతో మమ్మల్ని చూసేవారు.

"చూశారా అమ్మాయిలూ. బస్సు స్పర్శరేఖ మీద పోతోంది. మనందరం అభిలంబం మీదకి ఒరిగాం."

చేపల గంప తాలూకు మనిషి ఆవిణ్ణి ఒకసారి, మమ్మల్ని ఒకసారి చూసేది. మాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మేడంగారికి ఆ బాధ లేదు. ఇంకో మలుపు ఎప్పుడొస్తుందా అని ముందుకి చూస్తూ కూర్చునేవారు.

ఆవిడ పోయారని మొన్న నా క్లాసుమేటు ఫోను చేసింది. నేనిప్పుడు నిడదవోలులో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. పదో తరగతి వాళ్ళకి వృత్తానికి స్పర్శరేఖ గీయించి, అప్పుడే స్టాఫ్ రూములోకొచ్చి కూర్చున్నాను. అలాంటి కబురు వింటే ఏడుపు రావాలి. నాకు ముందు ఆ బస్సు గుర్తొచ్చింది, నవ్వొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, అదీ నవ్వుతుండగానే. పక్కన సోషల్ మాస్టారు ఏమైందండీ అని కంగారుపడ్డారు. ఏం చెప్పను? మా మేడంగారు పోయారండీ అని మాత్రం అన్నాను.

మనిషి పొట్టి. బోర్డులో కింది సగమే ఆవిడకి అందేది. పై సగం ఎప్పుడూ శుభ్రంగా ఉండేది. అది ప్రిన్సిపాలుగారి వాటా అనేవారు. గంజి పెట్టిన నేత చీర, ముడిలో గుచ్చుకున్న సుద్దముక్క. దాన్ని అక్కడ పెట్టుకున్న సంగతి మరిచిపోయి క్లాసంతా వెతికేవారు. మేం చెప్పేవాళ్ళం కాదు, వెతుకుతూనే ఆవిడ పాఠం చెబుతుంటే చూడ్డం మాకు సరదా. వాళ్ళది లూథరన్ కుటుంబం, ఆదివారం గుడిలో కీర్తనలు ఎత్తుకునేది ఆవిడే. ఆ అలవాటు క్లాసులోకీ వచ్చింది. లెక్క తేలగానే చివరి గీత కింద ఇంకో గీత గీసి, మెల్లగా "స్తోత్రం" అనేవారు. మా బ్యాచిలో హిందువులం, క్రైస్తవులం, అందరం పరీక్షలో కూడా లెక్క తేలితే నోట్లోనే స్తోత్రం అనుకునేవాళ్ళం. నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఇంటరు మొదటి సంవత్సరంలో స్పర్శరేఖలు, అభిలంబరేఖలు అని ఒక పాఠం ఉంటుంది. వక్రం మీద ఒక బిందువు ఇస్తారు. అవకలజం కనుక్కుని, ఆ బిందువు విలువ అందులో వేస్తే స్పర్శరేఖ వాలు వస్తుంది. దాన్ని తిరగేసి, ముందు మైనస్ పెడితే అభిలంబం వాలు. పుస్తకంలో ఇంతే. అందరూ దీన్ని సూత్రంలా బట్టీ పట్టించి ముందుకి పోతారు. మేడంగారు అలా పోనివ్వలేదు. వరండాలో నేల మీద సుద్దతో పొడుగ్గా ఒక వంకరగీత గీసి, దాని మీద మమ్మల్ని ఒక్కొక్కరినీ నడిపించారు.

"ముందు నిలబడు. అది నీ బిందువు. ఇప్పుడు ఎటు నడుస్తున్నావో అటు చూడు. ఆ చూపే స్పర్శరేఖ. నీ చూపు ఎంత వాలుగా ఉందో చెప్పేదే అవకలజం, ఇంకేం కాదు. ఇప్పుడు రెండు చేతులూ పక్కలకి బార చాపు. అదీ అభిలంబం."

మేం చేతులు చాపుకుని గీత మీద నడుస్తుంటే పక్క సెక్షను మగపిల్లలు కిటికీలు పట్టుకుని ఒకటే నవ్వు. మేడంగారు వాళ్ళనీ బయటికి పిలిచి నడిపించారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు, నవ్వితే తమ వంతు వస్తుందని తెలిసిపోయింది.

ఆ పాఠంలో అందరం చేసే తప్పు ఒకటుండేది. స్పర్శరేఖ వాలు కనుక్కుని, సమీకరణం కూడా రాసేసి, అడిగింది అభిలంబమని మరిచిపోయి పుస్తకం మూసేసేవాళ్ళం. ఆవిడ ఆ పేపరు పట్టుకుని, "గట్టు మీద నడుచుకుంటూ పోయావు గానీ చేలోకి దిగలేదమ్మా" అనేవారు. డెల్టా పిల్లలకి అంతకంటే ఏం చెప్పాలి.

నేను చేసిన తప్పు వేరు. y = x² కి మూలబిందువు దగ్గర అభిలంబం కనుక్కోమన్నారు. అవకలజం 2x. సున్నా వేస్తే వాలు సున్నా. తిరగేసి మైనస్ పెట్టమన్నారు కదాని మైనస్ ఒకటి బై సున్నా అని రాసి, తర్వాత ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నాను. ఆవిడ వచ్చి చూసి, తప్పుకి కోప్పడకపోగా ఎంత ముచ్చటపడ్డారో.

"సూత్రం చేతులెత్తేసింది కదా. ఇప్పుడు నువ్వు చేతులు చాపు."

లేచి, వరండాలో సుద్దగీత అడుగున చదునైన చోట నిలబడి చేతులు చాపాను. చూపు అడ్డంగా ఉంది, చెయ్యి సూటిగా పైకి పోయే నిలువుగీత మీద ఉంది. అంటే x = 0. సున్నాతో భాగించకుండానే జవాబు వచ్చేసింది. నా జీవితంలో ఒక లెక్క నాకు నిజంగా కనబడింది ఆ రోజే. ఆ సంతోషం ఎలాంటిదో ఇప్పుడు కూడా చెప్పలేను.

అసలు చెప్పాలనుకున్నది ఆ ఏడాది దాళ్వా సంగతి. దాళ్వా అంటే మా వైపు రెండో పంట. మాది కాలువ చివరి ఊరు. ఎండాకాలం దగ్గరపడేసరికి నీళ్ళు వంతుల మీద వదులుతారు. మా వంతు వచ్చిన రోజు కాలువలో నీళ్ళుంటాయి గానీ పారి చేలోకెక్కేంత ఎత్తు ఉండదు. ఆయిల్ ఇంజను పెట్టి పైపుతో తోడుకోవాలి. పొద్దుగూకేసరికి కాలువ లాకుల తలుపులు దించేస్తారు. ఆలోగా తడిసిన చేను బతికినట్టు, తడవనిది ఎండినట్టు.

మా నాన్న కౌలుకి చేసే చేను కాలువ మలుపులో ఉంది. విరిగిన చేతిగాజు ముక్కలా కాలువ చుట్టూ తిరుగుతుంది, మా చేను లోపల. మాకూ కాలువకీ మధ్య సత్యం బాబాయి చేను. ఆయన నాన్నకి పెదనాన్న కొడుకు, తమ్ముడి వరస. ఆయన మినుము వేశాడు, కాయ ఎండి కోతకి సిద్ధంగా ఉంది. చేలోంచి పైపు వేసుకోమన్నాడు గానీ చుక్క నీరు పడకూడదన్నాడు, పడితే మినుము పాడు. కాబట్టి పైపు మా చేను మూలదాకా వెళ్ళి తీరాలి. అక్కడ నాన్న ఒక కర్రకి గోనెగుడ్డ కట్టి పాతాడు.

ఆ పైపు మీద నుంచి ముందు రోజు ట్రాక్టరు వెళ్ళింది. చిరిగిన ముక్క కోసేశాక పైపు పొట్టిదైపోయింది. నాన్న పైపు పొడవు బారల్లో కొలుస్తాడు, రెండు చేతులూ చాపి. నాలుగు బారలు తక్కువొచ్చింది. అరువడగడానికి ఊళ్ళో ఒక్క పైపు ఖాళీగా లేదు, వంతు రోజు కదా. వరి పొట్ట దశలో ఉంది, ఇంకో వంతుదాకా ఆగదు. ఈ పంట పోతే కౌలు పోతుంది, కౌలు పోతే నేను చదువు మానేసి మా మేనత్తతో రొయ్యల షెడ్డుకి వెళ్ళడమే. ఆ మాట ఇంట్లో ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. అందుకే నేనూ కాలేజీ మాని గట్టు మీదే ఉన్నాను. పరీక్షలు దగ్గరికొచ్చేశాయి.

మధ్యాహ్నం మేడంగారు గొడుగేసుకుని గట్టు మీద నడిచొచ్చారు. పరీక్షల ముందు క్లాసుకి రావడం మానేసిన పిల్లల ఇళ్ళకి ఆవిడ అలా వచ్చేస్తారు. నా మీద కోపంగానే వచ్చారు. పైపు చూశాక ఆ కోపం ఏమైందో తెలియదు.

"ఇంజను ఇక్కడే ఎందుకు పెట్టారండీ?" అని నాన్నని అడిగారు.

"మా నాన్న కాలం నుంచీ ఇక్కడేనండి. మలుపుకి నడిమధ్య ఇది. చేనుకి సరిగ్గా ఎదురండి. ఇంతకన్నా దగ్గర ఇంకెక్కడుంటదండి?"

ఆవిడ గొడుగు మూసి నా చేతికిచ్చారు. కొంగు నడుముకి దోపారు. గట్టు పోయే దిక్కుకి మొహం పెట్టి, రెండు చేతులూ చాపారు. ఎడమ చెయ్యి సూటిగా గోనెగుడ్డని చూపిస్తోంది.

"అభిలంబమే" అన్నారు, పట్టలేని ఆనందంతో. "మీ నాన్నగారు కరెక్టేనమ్మా. ఒక బిందువు నుంచి వక్రానికి అతి దగ్గర దారి అభిలంబం మీదే ఉంటుంది. ఇదే దగ్గర. స్తోత్రం."

సత్యం బాబాయి నాన్న వంక చూశాడు. నాన్న పైపు వంక చూశాడు. పైపుని మళ్ళీ వంకర లేకుండా లాగి పరిచారు. కొంచెం కలిసొచ్చింది గానీ గోనెగుడ్డని అందలేదు. ఎండ మండిపోతోంది. కాలువలో నీళ్ళు పోతూనే ఉన్నాయి, మా కళ్ళ ముందే. నాకు ఏడుపొచ్చేసింది. మేడంగారు గట్టు మీద కూలబడి, చీర పాడవుతుందని కూడా చూసుకోకుండా, మలుపు ఈ కొస నుంచి ఆ కొసదాకా చూస్తూ ఉండిపోయారు.

ఉన్నట్టుండి లేచారు.

"అమ్మాయ్, నేనేమన్నాను? అతి దగ్గర దారి అభిలంబం మీద ఉంటుందన్నాను. అభిలంబం మీదున్నదల్లా అతి దగ్గరని ఎవరు చెప్పారు?"

ఆవిడ అప్పటికే నడక మొదలెట్టేశారు. చేతులు చాపుకుని, చూపు గట్టు పోయే వైపే పెట్టి, పుల్లలు, గుంటలు, పేడ, ఏదీ చూడకుండా. మేం ముగ్గురం వెనకాల. గట్టు తిరుగుతున్న కొద్దీ ఆవిడ ఎడమ చెయ్యి గోనెగుడ్డని దాటి పక్కకి పోయింది. సత్యం బాబాయి పాక మీదకి, దాని వెనక కొబ్బరిచెట్ల మీదకి పోయింది. ఇంకొంచెం నడిచారు. చెయ్యి వెనక్కి రావడం మొదలెట్టింది. చెట్లు దాటింది, పాక దాటింది. వచ్చి వచ్చి చెయ్యి సరిగ్గా గోనెగుడ్డ మీద ఆగింది. మేడంగారూ ఆగారు.

"ఇది ఇంకో అభిలంబం. ఇంజను ఇక్కడికి తెండి."

"మేడంగారు చేతులు చాపారని ఇంజను మొయ్యాలేంటన్నయ్యా" అన్నాడు బాబాయి, నాన్న చెవిలో. చెవిలో అన్నా అందరికీ వినబడింది.

"మోద్దాం రా" అన్నాడు నాన్న.

వెదురుబొంగుకి కట్టి ఇంజను ఇద్దరూ మోసుకొచ్చారు. పైపు చుట్ట నేనే దొర్లించాను. మినుము మొక్కల మధ్య నుంచి నాన్న కొస పట్టుకుని నడుస్తున్నాడు. మేం గట్టు మీద నిలబడి చూస్తున్నాం. గోనెగుడ్డ దగ్గరికెళ్ళాడు, ఇంకా పైపు వస్తోంది. మూల దాటాడు. చేలోకి దిగి బారెడు పైపు లోపలికి లాక్కుని, అక్కడ నిలబడి మా వైపు చూశాడు.

బాబాయి ఇంజను తిప్పాడు. పైపు గట్టు దగ్గర ఉబ్బింది, ఆ ఉబ్బు మినుము చేలో పాక్కుంటూ వెళ్ళింది. నేను దానితో పాటు పరుగెత్తాను. నీళ్ళు నాన్న కాళ్ళ మీద పడ్డాయి. నెర్రెలిచ్చిన చేను ఆ నీళ్ళని పీల్చుకుంటుంటే వచ్చే చప్పుడు విన్నవాళ్ళకే తెలుస్తుంది. గట్టు మీద నుంచి మేడంగారి గొంతు, ఆదివారం కీర్తన ఎత్తుకున్నంత గట్టిగా, స్తోత్రం అని వినబడింది.

నేను తిరిగి వచ్చేసరికి ఆవిడ గొడుగు మొనతో బురదలో బొమ్మ గీసి ఉంచారు. మలుపు y = x² అట. మా చేను అంటే, పైన నిలువుగీత మీద ఒక చుక్క. "నడిమధ్య వాలు సున్నా. నువ్వు మొన్న చేసిన లెక్కే. ఎదురుగా ఉంది కాబట్టి దగ్గరనుకున్నాం. చేను ఇంకా కిందకి, గట్టుకి దగ్గరగా ఉంటే నిజమే అయ్యేది. ఇంత లోపలికి ఉన్నప్పుడు గట్టు రెండు పక్కల నుంచీ చేనుని దగ్గరికి తీసుకుంటుంది. అప్పుడు నడిమధ్యదే దూరపు అభిలంబం. దూరానికి రెండో అవకలజం చూసుంటే అక్కడే తెలిసేది. నేను చూసుకోలేదమ్మా."

చూసుకోలేదన్న మాట ఆవిడ ఎంత ఇష్టంగా అన్నారో నేను మరిచిపోలేను. పెద్దవాళ్ళు తమ తప్పు గురించి అలా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. ఏదో దొరికిన మనిషి మాట్లాడినట్టుంది.

అంతటితో ఆగారా? బొమ్మ ప్రకారం మలుపుకి ఆ పక్కన ఇలాంటిదే మూడో అభిలంబం ఉండాలన్నారు. దానితో మాకు పనిలేదు, చేను తడుస్తోంది. అయినా చేతులు చాపుకుని అటు బయల్దేరారు. వెతికి పట్టుకుని అక్కడి నుంచి చెయ్యూపారు. ఈలోగా నరసాపురం బస్సు వెళ్ళిపోయింది. నాన్న సైకిలు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి దింపొచ్చాడు.

మర్నాడు క్లాసులో మొదటి మాట, "నిన్న నేనొక తప్పు చేశాను, రాసుకోండి." నేను వెళ్ళాను ఆ క్లాసుకి. చేను తడిసింది, చదువు నిలబడింది. ఆ దాళ్వా మాకు బాగా పండింది.

ఆ తర్వాత ప్రతి దాళ్వాకీ నాన్న కొత్త బియ్యం మూట పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళేవాడు. ఆవిడ పంట ఎలా ఉందని అడిగేవారు కాదట. "ఇంజను ఎక్కడ పెట్టారండీ?" అని అడిగేవారట. "పక్క అభిలంబం కాడేనండి" అని నాన్న చెప్పేవాడు. నడిమధ్య కాదు కదా అని ఇంకోసారి అడిగి, అప్పుడు కాఫీ ఇచ్చేవారట. రిటైరయ్యాక కూడా అంతే, కళ్ళు సరిగ్గా కనబడకపోయినా అంతే.

నిన్న గుడిలో ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. నేనూ నాన్నా వెళ్ళాం. నాన్న చర్చిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పదలిస్తే చెప్పొచ్చని పాస్టరుగారు అన్నారు. ఇంజనీర్లు, లెక్చరర్లు లేచి, ఆవిడ దగ్గర చదివిన సంగతులు చెప్పారు. వాళ్ళందరి తర్వాత నాన్న లేచాడు. నాకు చెప్పకుండా లేచాడు.

"నాకు చదువు రాదండి. ఆవిడ మా గట్టు మీద ఇలా నిలబడ్డారండి" అని నడవాలోకొచ్చి, మొహం బలిపీఠం వైపు పెట్టి, రెండు చేతులూ చాపాడు. "అందుకే మా అమ్మాయి ఇవాళ లెక్కలు చెబుతోందండి." మాట అయిపోయింది. చేతులు మాత్రం దించలేదు.

ముందు వరసలో మేడంగారి చెల్లెలు, "మార్కెట్టుకెళ్ళినా ఇంతేనండి, చేతులు చాపేది" అన్నారు. గుడిలో అందరం నవ్వాం, ఏడ్చాం. వరండాలో సుద్దగీత మీద నడిచిన వాళ్ళు ఎంతమంది ఉన్నారో అక్కడ.

సాయంత్రం నాన్న మోపెడ్ మీద ఊరికి వెళ్ళాం. మళ్ళీ దాళ్వా రోజులు. మలుపు దగ్గర నడిమధ్య ఒక్క ఇంజనూ లేదు. లోపలి చేల వాళ్ళందరూ ఇప్పుడు పక్కనే పెడుతున్నారు, కొత్తగా కౌలుకి వచ్చిన వాళ్ళు కూడా. వాళ్ళలో మేడంగారిని చూసిన వాళ్ళు లేరు. నాన్న ఫోను మోగింది. ఇంజను బాగుచేసే మెకానిక్కు, పైవూరి నుంచి వస్తున్నాడు, దారి అడుగుతున్నాడు.

"వంతెన దిగి గట్టెక్కు. మలుపు నడిమధ్య ఆగకు, అక్కడెవరూ ఉండరు. ఇంకొంచెం ముందుకొస్తే అభిలంబం. ఆ, అభిలంబం కాడే ఉంటాం. అంటే ఏంటో నేను చెప్పలేను గానీ, తెలీకపోతే ఊళ్ళో ఎవర్నడిగినా చూపిస్తారు."